మిల్లు మాట

"తలుపులు తెరిపించి, అబలల కన్నీరు తుడిచిన ధీరుడు" అని చదివి కార్యదర్శి కాగితం మడిచాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఎలా ఉందో చెప్పండి అన్నట్టు ఎదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళ మొహాలూ చూశాడు.

చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒళ్ళో చొక్కా, చొక్కాకి సగం కుట్టిన కాజా. సూది వేలికి గుచ్చుకున్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు.

చిన్నకోడలంటే నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల అనుకునేరు. అత్తమామలు పోయారు, మొగుడు పోయాడు, మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా ఆ వీధిలోనూ, మూతపడ్డ ఆ బట్టల మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళలోనూ ఆమె ఇప్పటికీ చిన్నకోడలే. పక్క కుర్చీలో ఉన్నది ఆమె తోడికోడలు. తోడికోడలే గాని ఆవిణ్ణి ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు, ఆఖరికి పాలవాడు కూడా అక్కా అనే పిలుస్తారు. కార్యదర్శి ధీరుడన్నది ఆ అక్క మొగుణ్ణే, చిన్నకోడలికి బావగారు. ఆయన చనిపోయిన ఏడాదే అక్క గొంతులో పుండు లేచింది. ఆపరేషను చేసి పుండుతో పాటు గొంతూ తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చని గుడ్డ మిగిలాయి.

"ఆదివారం పొద్దున మిల్లు గేటు దగ్గరే ఆవిష్కరణ" అన్నాడు కార్యదర్శి. స్మారక కమిటీ మొత్తం ఆయన చేతి మీదే నడుస్తోంది. "మీ అబ్బాయి తాడు లాగుతాడు, గుడ్డ జారుతుంది, రాయి కనబడుతుంది. పెద్దాయన బొమ్మ కూడా చెక్కించాం, ఛాతీ దాకా. అక్కగారు అలా వేదిక మీద కూర్చుంటే చాలు. ఎంతైనా ఆ మహానుభావుడి ఇల్లాలు! మీరు పక్కనే ఉండి చెయ్యి పట్టుకోండి."

అక్క దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించింది. తల ఎత్తి పెదాలు కదిపింది. చప్పుడేం లేదు. పెదాలు మాత్రం ఒక్కో అక్షరం దగ్గరా విచ్చుకుని, ముడుచుకుని, సాగి, మాటని మాటగా పలికాయి.

"ఎవరి కన్నీళ్ళట? అడుగు. ఆయన దగ్గర చేతిరుమాలు కూడా ఉండేది కాదే. చెమటొస్తే నాది అడుక్కునేవాడు."

"ఏమంటున్నారమ్మా?" కార్యదర్శి వినయంగా ముందుకి వంగాడు.

చిన్నకోడలికి నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇంటికొచ్చిన మనిషి. మర్యాద. నోరు దానంతటదే తిరిగింది.

"టీ తాగి వెళ్ళమంటోంది."

"అయ్యో, ఎంత పెద్ద మనసు! ఇప్పుడొద్దులెండమ్మా, ఇంకా చాలా ఇళ్ళకి వెళ్ళాలి" అని ఆయన లేచాడు.

ఆయన మెట్లు దిగాక అక్క చిన్నకోడలి వైపు తిరిగింది. "నేను టీ అన్నానా?"

"మరేం చెప్పమంటావ్? మొహం మీదే అనమంటావా?"

"నేను మొహం మీదే అన్నాను" అంది అక్క, కాజా చివర ముడి వేసి దారం పంటితో తెంపుతూ.

అక్క మాట్లాడేది మిల్లు మాట. మగ్గాల షెడ్డులో వందల మగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినబడేది కాదు. అందుకని ఆ షెడ్డు ఆడవాళ్ళు గొంతు మానేసి పెదాలతో మాట్లాడటం పట్టుకున్నారు. పెదాలకి అందని చోట చెయ్యి సాయం చేసేది. ఈ చివర మగ్గం దగ్గర నిలబడి ఆ చివరి దానితో అత్తగారి గురించి చాడీలు చెప్పుకోవచ్చు, మధ్యలో మేస్త్రి నిలబడి ఉన్నా సరే. కొత్తగా చేరిన పిల్ల ముందు పని నేర్చుకునేది కాదు, మాట నేర్చుకునేది. మగవాళ్ళు గిడ్డంగిలోనూ గేటు దగ్గరా పనిచేసేవాళ్ళు, వాళ్ళకి ఈ భాష అక్కర్లేకపోయింది. ఆపరేషనయ్యాక డాక్టరు, ఆవిడకి ఇక మాట రాదని చెప్పాడు. పాపం, ఆయన మిల్లులో పనిచేసినవాడు కాదు.

అక్క కొడుకూ డాక్టరు మాటే నమ్మాడు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం, మంచివాడు, తల్లికి మందులు వేళకి తెస్తాడు. తేవడం తెచ్చి, "అమ్మా! మాత్రలు! వేసుకున్నావా!" అని వీధి చివరికి వినబడేలా అరుస్తాడు. గొంతు పోయింది గాని చెవులు పోలేదని వాడికి చెప్పవే, అని అక్క ఎన్నిసార్లందో. రాసి చూపించమని పలక కూడా కొనిచ్చాడు. సంతకం తప్ప రాయడం రాని మనిషికి పలక! అక్క దాని మీద గాడిద బొమ్మ గీసి ఇచ్చింది. కొడుకు అది గుర్రమనుకుని, బాగుందమ్మా అన్నాడు.

*

మర్నాడు శుక్రవారం. కుట్టిన చొక్కాలు టైలరు దుకాణంలో ఇచ్చేసి, చిన్నకోడలు ఇంటికి తిరిగి రాకుండా రాళ్ళు చెక్కే చోటికి నడిచింది. ఆ 'అబలల కన్నీరు' గొంతులో ముల్లులా అడ్డం పడి ముందు రోజంతా ఆమెని ముద్ద మింగనివ్వలేదు. ఆదివారం లోపల ఆ మాటలు రాయి మీదనుంచి పోవాలి. అంతకన్నా ఆమెకి ఇంకేం అక్కర్లేదు.

చెక్కే మనిషి గొనెపట్టా మీద కూర్చుని రాతికి నునుపు పెడుతున్నాడు. కనుబొమ్మల నిండా తెల్లటి పొడి. నీళ్ళు చల్లడం, చేత్తో రుద్దడం, వంగి ఊదడం. రాయి మీద బావగారు ఛాతీ దాకా వెలిశారు. చిన్నకోడలు చూసి నోరు తెరిచింది.

"ఈ మీసం ఎక్కడిదయ్యా?"

"కమిటీవాళ్ళు పెట్టమన్నారమ్మా. లీడరంటే మీసం ఉండాలన్నారు."

"ఆయనకి జన్మలో మీసం లేదు! మీసం పెంచేంత ధైర్యం కూడా లేదు పాపం, పిల్లి అడ్డం వస్తే వెనక్కి తిరిగొచ్చే మనిషి."

చెక్కేవాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. అక్షరాల మీద వేలు పెట్టి, ఈ వరుస తీసెయ్యడానికి కుదురుతుందా అని అడిగింది. పలక మీద రాత కాదు కదమ్మా తుడవడానికి, రాయి మొత్తం ఒక పొర లేపాలి, పైగా కమిటీ చెప్పాలి, అన్నాడతను. అతని మీద కోప్పడి ఏం లాభం? చెప్పింది చెక్కడం అతని పని.

కమిటీ ఆఫీసంటే పాత సంఘం గదే. గోడల నిండా ఫోటోలు, అన్నిట్లోనూ మగవాళ్ళు, కొందరు కూర్చుని, కొందరు నిలబడి. కార్యదర్శి కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఆమె చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. ఆ తల ఊపడం చూస్తే చిన్నకోడలికి ఆశ పుట్టింది.

"అంతా నిజమే కావచ్చమ్మా" అన్నాడు ఆఖర్న. "కాని ఆధారం ఉండాలిగా? ఆనాటి సమ్మె ఒప్పందం మీద సంతకం పెద్దాయనది. పేపర్లో ఫోటో పెద్దాయనది. యజమానితో గదిలో కూర్చుని మాట్లాడింది పెద్దాయన."

"ఎందుకు మాట్లాడారో కూడా చెప్పండి మరి! ఆడవాళ్ళతో నేను మాట్లాడను, మీ ఇళ్ళల్లో మగాళ్ళు లేరా, వాళ్ళని పంపండి అన్నాడు ఆ యజమాని. షెడ్డు తలుపులకి తాళాలు వెయ్యొద్దని వారం రోజులు గేటు ముందు ఎండలో కూర్చున్నది మేము, గదిలోకి పిలుపు మాత్రం మగాళ్ళకి! సరే పనైతే చాలనుకుని మా అక్క ఆయన్ని పంపింది. ఊరికే పంపిందా? ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడు ఇదంటే నువ్వు అదను, వాడు అదంటే నువ్వు లేచి నిలబడు అని, పసిపిల్లాడికి పాఠం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించింది. నేను పక్కనే ఉన్నాను."

"ఆయన ధైర్యంగా..."

"ధైర్యం! గేటు దగ్గర లాఠీ దెబ్బ తిన్నదెవరు? చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని జైలుకి పోయిందెవరు? ఆ చంటిపిల్లాడే ఎల్లుండి మీ తాడు లాగేది! ఒప్పందమయ్యాక అందర్నీ పనిలోకి తీసుకున్నారు, ఒక్క మా అక్కని తప్ప. ఆయన్నేమో గిడ్డంగికి సూపర్‌వైజరుని చేశారు. ఆవిడ ఆనాటి నుంచీ ఇంట్లో కూర్చుని పరాయివాళ్ళ చొక్కాలకి కాజాలు కుడుతోంది. అబల అని చెక్కిస్తారా మీరు? సిగ్గుండాలి!"

మాట జారాక ఆమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కార్యదర్శి మాత్రం నొచ్చుకోలేదు. నొచ్చుకోకపోవడం ఆయన వృత్తి.

"ఆడవాళ్ళ త్యాగాన్ని మేం తక్కువ చేస్తామా అమ్మా? కింద ఇంకో చిన్న వరుస చేర్పిస్తాను. 'సహకరించిన స్త్రీమూర్తులకు జోహార్లు' అని."

"సహకరించిన!"

"పోనీ తోడ్పడిన. అయినా నాకో సంగతి అర్థం కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కగారి ముందే చదివాను కదా అంతా. ఆవిడ టీ తాగి వెళ్ళమన్నారు గాని రాయి ఆపమనలేదే? మీరే చెప్పారుగా."

చిన్నకోడలు చివాలున లేచింది. మంచినీళ్ళ గ్లాసు అలాగే వదిలేసి బయటపడింది. దారి పొడుగునా తనని తాను తిట్టుకుంది. మర్యాదట, మర్యాద! ఎవడికి కావాలి ఆ మర్యాద? అక్క అన్నది అన్నట్టు నిన్ననే అతని మొహాన కొట్టి ఉంటే ఈ రోజు ఈ మాట పడేదా?

*

సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి రావడమే చిర్రుబుర్రులాడుతూ వచ్చాడు. కార్యదర్శి ఫోను చేసినట్టున్నాడు. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏంటి పిన్నీ ఇది? నాన్న పోయాక ఇప్పుడు ఆయన్ని నలుగురిలో చిన్నబుచ్చుతావా?"

"నేను చిన్నబుచ్చడమేంటిరా? మీ అమ్మని వాళ్ళు..."

"నాన్నకి ఆఖరి రోజుల్లో అన్నీ నేనే చేశాను. స్నానం నేనే చేయించాను. ఆయన ఎవరికీ కీడు చేసిన మనిషి కాదు. ఇన్నాళ్ళకి ఒక రాయి వేస్తుంటే దానిక్కూడా అడ్డమా?"

 తండ్రి మీద ప్రేమ అబద్ధం కాదని చిన్నకోడలికీ తెలుసు. అందుకే మెత్తగా చెప్పబోయింది.

"మీ నాన్న మంచివాడు కాదని ఎవరన్నార్రా? చేసింది మీ అమ్మ అంటున్నాను, అంతే. నా మాట కాదు, మీ అమ్మే అంటోంది."

"అమ్మా?" వాడు మూల కుర్చీలో గుండీలు కుడుతున్న తల్లిని చూసి, మళ్ళీ పిన్ని వైపు తిరిగాడు. "అమ్మ ఎక్కడ అంటోంది? అమ్మకి మాటే లేదు."

"ఎందుకు లేదురా! పొద్దున లేస్తే నీతో మాట్లాడుతూనే ఉందిగా? నిన్న అన్నం దగ్గర, ఒరే నువ్వు బాగా చిక్కిపోయావు అంది. నువ్వు ఫోను చూసుకుంటున్నావు."

కొడుకు విడిచిన చెప్పులు కాలితో పక్కకి నెట్టాడు. తర్వాత అన్న మాట చిన్నకోడలి గుండెలో కలుక్కుమంది.

"పిన్నీ, అమ్మ ఊరికే పెదాలు ఆడిస్తుంది. నీకు నచ్చింది నువ్వు చెప్తున్నావు. కార్యదర్శిగారితో టీ అని చెప్పింది నువ్వే, ఇప్పుడు ఇదీ నువ్వే. నేను దేన్ని నమ్మను?"

"నా కళ్ళు పోవాలి ఒక్క మాట కల్పించి ఉంటే!" అని అరిచింది చిన్నకోడలు. అరిచాక టీ గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. వాడు అప్పటికే లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

అక్క గుండీ కుట్టడం ఆపలేదు. నాలుగు కన్నాల గుండీ. అడ్డంగా రెండుసార్లు, ఐమూలగా రెండుసార్లు దారం తీసి, కింద చుట్టు చుట్టి బిగించింది. తర్వాత చిటికె వేసి చిన్నకోడల్ని పిలిచింది. షెడ్డులో అయితే చెయ్యి ఊపేవాళ్ళు, ఇంట్లో చిటికె చాలు.

"ఆదివారం నేను మైకు దగ్గరికి వెళ్తాను."

చిన్నకోడలి మొహం విప్పారింది. "వెళ్ళు! నేను పక్కన నిలబడి ప్రతి మాటా గట్టిగా చెప్తాను. ఈసారి అక్షరం పొల్లు పోనివ్వను. అతగాడి చెవులు..."

"వద్దు. నువ్వు చెప్పకు."

"ఏమిటీ?"

"నువ్వు కింద కూర్చో. నోరు విప్పకు. ఎవడేమడిగినా విప్పకు."

"నీకేమన్నా పిచ్చా అక్కా? నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? గాలి నమిలి వచ్చినట్టుంటుంది!"

అక్క చొక్కా పక్కన పెట్టింది. ఎప్పుడూ చిలిపిగా ఉండే కళ్ళు ఆ పూట అలా లేవు.

"ఒకసారి నా మాట తీసుకెళ్ళి ఇంకొకరి నోట్లో పెట్టాను. మంచివాడే. మనవాడే. చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాడు. ఏమైందో చూశావుగా, మాట ఆయనదైపోయింది. నువ్వూ మంచిదానివే. నిన్ను అనడం లేదు."

చిన్నకోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత చాకిరీ చేసి, ఇంత తిరిగి, చివరికి తననీ ఆ వరసలోనే కట్టింది కదా అనిపించింది. కాని ఎలా కాదంటుంది? టీ సంగతి ఎదురుగా కూర్చుని ఉందాయె.

*

ఆదివారం మిల్లు గేటు ముందు పందిరి వేశారు. తుప్పు పట్టిన గేటుకి కొత్త రంగు పూశారు, లోపల షెడ్డు పైకప్పు మాత్రం కూలిపోయే ఉంది. ముందు వరసల్లో మెత్తటి కుర్చీలు, వాటిలో పెద్దమనుషులు. వెనకాల బల్లలు, వాటి మీద మిల్లు ఆడవాళ్ళు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. కర్ర పట్టుకుని ఒకరు, మనవరాలి భుజం పట్టుకుని ఒకరు. ఎన్నాళ్ళకో కలిసిన ఆనందంలో పెదాలు ఆడుతూనే ఉన్నాయి. ముందు కూర్చున్నవాళ్ళు, ఆడవాళ్ళు ఎంత బుద్ధిగా నిశ్శబ్దంగా ఉన్నారో అని మెచ్చుకున్నారు.

ఆ బల్లల మీదే బొంగరం కూడా ఉంది. కురచగా, గుండ్రంగా, ఒక్క చోట నిలవకుండా తిరిగేదని వయసులో ఉన్నప్పుడు పెట్టిన పేరు. ఇప్పుడు లేచి నిలబడాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. ముఖ్య అతిథి మాట్లాడాడు, ఉపముఖ్యుడు మాట్లాడాడు. పెద్దాయన సింహమన్నారు, పిడుగన్నారు. ఆయన పిడికిలి బిగిస్తే మిల్లు గడగడలాడిందట! చిన్నకోడలు వేదిక కింద మొదటి కుర్చీలో కూర్చుని పళ్ళు కొరుక్కుంటోంది. వేదిక మీద అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పరాయి మనిషి కథ విన్నట్టు వింటోంది. ఆ పక్కన గుడ్డ కప్పిన రాయి, రాయి దగ్గర తాడు పట్టుకుని కొడుకు.

"ఇక ఆవిష్కరణ" అంటూ కార్యదర్శి తిరిగేసరికి అక్క లేచి మైకు దగ్గర నిలబడి ఉంది.

ఆయన కంగారుపడ్డాడు. పెద్దావిడని చెయ్యి పట్టి లాగలేడు కదా. పక్కకి తప్పుకుని నవ్వు మొహం పెట్టాడు. అక్క మైకుని పక్కకి నెట్టేసింది. అది మొహానికి అడ్డం వస్తోంది. చెయ్యి పైకెత్తి ఊపింది. వెనక బల్లల మీద మాటలన్నీ ఆగి, మొహాలన్నీ ఇటు తిరిగాయి.

"వెనకవాళ్ళకి కనబడుతున్నానా?"

చేతులు లేచాయి.

"మా ఆయన మంచివాడు. ఆ గుడ్డ కింద ఉన్న మీసం మాత్రం ఆయనది కాదు."

వెనక వరసలన్నీ గొల్లుమన్నాయి. ముందు వరసలవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. నవ్వడానికి ఏం జరిగిందో వాళ్ళకి అంతుపట్టలేదు.

"గదిలోకి పంపే ముందు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అయినా వెళ్ళాడు. నేను నేర్పింది తప్పుల్లేకుండా అప్పజెప్పాడు. అందుకు ఆయనకో రాయి వేస్తే నాకు సంతోషమే. కాని కన్నీళ్ళు తుడిచాడట! ఎవరి కన్నీళ్ళు? ఎవరు ఏడ్చారే ఇక్కడ?"

అక్క చెయ్యి చాపి బొంగరాన్ని చూపించింది. బొంగరం పక్కవాళ్ళని పట్టుకుని లేచి నిలబడింది.

"అది నిండు నెలల్తో ఉంది. నొప్పులొచ్చాయి. తలుపు బయటనుంచి తాళం. అది వెళ్ళి తలుపు కొట్టింది, కేక పెట్టింది. మగ్గాల మోతలో ఆ కేక మాలో ఎవరికీ వినబడలేదు. మాకు దాని మొహం కనబడింది. మేస్త్రి తలుపు అవతలే ఉన్నాడు, విన్నాడు. మిల్లు కూత కూసేదాకా తాళం తీయనన్నాడు. మగ్గాల మధ్య నూలు చెత్త మీద పుట్టి, అక్కడే పోయింది ఆ బిడ్డ. ఆడపిల్ల. మేం ఏడవలేదు. నేను ఎదుటిదానికి 'ఆపు' అన్నాను. అది దాని పక్కదానికి అంది. ఒక్కో మగ్గం ఆగుతూ ఆ చివరి దాకా వెళ్ళింది మాట. కరెంటు పోయిందనుకున్నాడు మేస్త్రి. సమ్మె మొదలైంది అలా. ఆ తాళాలు ఊడిపించింది అదీ. ఆ రోజు ఒక్క కన్ను తడి కాలేదు. అబలలట!"

బొంగరం ఏడుస్తోంది. ఆనాడు కార్చనిదంతా ఈనాడు కారుస్తున్నట్టు, తుడుచుకోకుండా ఏడుస్తోంది. ఆమె పక్కవాళ్ళు, వాళ్ళ పక్కవాళ్ళు, బల్లల మీద ఒక్కరి కన్నూ పొడిగా లేదు. పందిట్లో అంత ఏడుపులోనూ అక్క నుంచి చప్పుడు లేదు, మెడ దగ్గర గుడ్డ మాత్రం ఊపిరికి ఆడుతోంది.

చిన్నకోడలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ప్రతి మాటా నాలుక చివరికి వచ్చి తన్నుకుంటోంది.

కార్యదర్శి ఇక ఊరుకోలేక మైకు అందుకున్నాడు. "అక్కగారు స్వర్గీయులైన భర్తని తలుచుకుని ఉద్వేగానికి లోనయ్యారు. ఆ మౌనంలో ఎన్ని భావాలో చూడండి!"

"మౌనమట, నీ మొహం!" అని వెనకనుంచి ఒక గొంతు లేచింది. "ఇంతసేపూ ఏం చూశావయ్యా?" అంది ఇంకో గొంతు. ఆయన విననట్టు నటించి, వంగి చిన్నకోడలితో అన్నాడు, "అమ్మా, ఏమంటున్నారో కాస్త చెప్పండి. నాలుగు ముక్కల్లో. అతిథిగారు చూస్తున్నారు."

చిన్నకోడలు పెదాలు బిగబట్టి తల అడ్డంగా ఊపింది. జీవితంలో అంత కష్టమైన పని ఆమె ఇంకోటి చెయ్యలేదు.

"సరే, మీరు కానివ్వండి" అని ఆయన కొడుక్కి సైగ చేశాడు.

కొడుకు తాడు లాగలేదు. వాడు వెనక బల్లలవైపే చూస్తున్నాడు. అంతమంది ఒక్కసారే నవ్వారు, ఒక్కసారే ఏడ్చారు. ఇందాకటి నుంచీ పిన్ని నోరు విప్పనే లేదు. మరి వాళ్ళకి చెప్పిందెవరు? వాడి మొహంలో ముందు అయోమయం, తర్వాత భయం లాంటిదేదో కదిలింది. తాడు చేతిలో ఉండగానే వేదిక అంచుకి వచ్చి వంగాడు.

"పిన్నీ, అమ్మ ఏమంది?"

చెప్పెయ్యాలని చిన్నకోడలి ప్రాణం కొట్టుకుంది. "నన్నడక్కురా" అంది. "ఎదురుగా ఉంది కదా. మొహం చూసి అడుగు."

వాడు వెళ్ళి తల్లి ముందు నిలబడ్డాడు. అలవాటు కొద్దీ, "అమ్మా! ఏమంటున్నావ్!" అని గట్టిగా అరిచాడు. అక్క విసుగ్గా చెవి మూసుకుంది. వాడు గొంతు తగ్గించాడు. "ఏమంటున్నావమ్మా?"

అక్క వాడి గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, కొత్తగా పనిలో చేరిన పిల్ల మొహాన్ని తిప్పినట్టు, వాడి మొహాన్ని తన నోటివైపు తిప్పుకుంది. నెమ్మదిగా పెదాలు కదిపింది.

"గుడ్డ..." అన్నాడు వాడు. "గుడ్డ తీ... తీయనా?"

అక్క నుదురు కొట్టుకుంది. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. మళ్ళీ చెప్పింది. వాడి కళ్ళు ఆమె పెదాల మీదనుంచి కదలలేదు. ఏడాదిలో తల్లి మొహాన్ని అంతసేపు చూడటం వాడికి అదే మొదటిసారేమో.

"తీయకు. గుడ్డ తీయకు. అంతేనా?"

అక్క తలూపింది.

"కానివ్వండి సార్" అన్నాడు కార్యదర్శి నవ్వుతూనే. "అతిథిగారికి ఇంకో కార్యక్రమం ఉంది."

"అమ్మ తీయొద్దంటోంది."

"ఆవిడ ఏమంటోందో ఎవరికి తెలుసండీ!"

"నాకు తెలుసు" అన్నాడు కొడుకు. "నాతోనే అంది."

తాడు వదిలేశాడు. అది రాయి పక్కన నేల మీద పడింది. కార్యదర్శి అతిథి వైపు చూశాడు, అతిథి వాచీ చూసుకున్నాడు, ముందు వరసల్లో కుర్చీలు ఒక్కొక్కటే కదిలాయి. వెనక బల్లల మీదనుంచి మాత్రం ఎవరూ లేవలేదు.

కొడుకు అవేమీ చూడలేదు. వేదిక మీదే తల్లి ముందు చతికిలబడ్డాడు. "ఇందాక వాళ్ళందరికీ చెప్పావే, అది నాకు చెప్పు. మొదటినుంచి. కాస్త నిదానంగా చెప్పమ్మా, నాకు ఇంకా రాదు."

అక్క కుర్చీ వాడివైపు తిప్పుకుని కూర్చుంది. ఆమె వీపు ఇటు తిరగడంతో చిన్నకోడలికి పెదాలు కనబడలేదు. అక్క ఏం చెప్తోందో తెలియకపోవడం ఆమెకి ఇదే మొదలు. వాడి మొహం మాత్రం కనబడుతోంది. వాడి పెదాలు తల్లి పెదాల వెంట తడబడుతూ, ఆగుతూ, తప్పు పోయి మళ్ళీ వెనక్కి వస్తూ కదులుతున్నాయి. చిన్నకోడలు మెడ సాచి చూడబోయి మానుకుంది. లేచి వెళ్ళి బొంగరం పక్కన బల్ల మీద కూర్చుంది.